నాదముద్ర పడిన వెలుగు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

   

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు పలుకుమని కార్యదర్శిగారు కోరిరి. నేను వృత్తిచేత లెక్కలు వ్రాయువాడను. ప్రవృత్తిచేత పురాణ కావ్యములు చదువుకొనువాడను. భౌతికశాస్త్రమున నాకు వేఱు గురువులు లేరు; ఈ గ్రంథాలయపు బీరువాలే గురువులు. అట్టివాడు శాస్త్రవిషయమును గూర్చి మాటలాడుట సాహసమని కొందఱు తలంపవచ్చును. కాని శాస్త్రము తెలుగుమాటలలో సామాన్యునకు అందవలెనను తలంపు మనకు క్రొత్తది కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగు పెద్దలు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినది అందులకే. ఆ పెద్దలు వేసిన త్రోవనే నేనును నాలుగడుగులు నడచెదను.

నేటి విషయమిది. కలకబారిన పదార్థము గుండ లోపలికి చూచుట యెట్లు? పాలలోను, పొగమంచులోను, మన శరీరపు మాంసములోను వెలుగు త్రోవ తప్పును. అట్లు త్రోవ తప్పిన వెలుగుపై చెవికి వినరాని ధ్వనిచేత ఒక ముద్ర వేసి, “ఇది ఫలానా చోటుమీదుగా వచ్చిన వెలుగు” అని గుర్తుపట్టు ఉపాయమొకటి ఉన్నది. శాస్త్రజ్ఞులు ముప్పది యేండ్లకు పైగా దానిని సాధించుచున్నారు. వినుటకు ఇది ఇంద్రజాలమువలె నుండును. విడదీసి చూచినచో మన ఊరి లెక్కలవలెనే తేటగా నుండును.

ముందుగా మనకందఱకును తెలిసిన కథనొకదానిని జ్ఞప్తికి తెచ్చుకొందము. దశరథ మహారాజు యౌవనమున శబ్దవేధి విద్య నెఱిగినవాడు. చీకటివేళ సరయూతీరమున కడవలో నీరు నిండు చప్పుడు విని, అది ఏనుగు చేయు ధ్వని యనుకొని బాణము విడిచెను. గుఱి తప్పలేదు. కాని అచ్చట నున్నది ఏనుగు కాదు. వృద్ధులును అంధులునైన తల్లిదండ్రుల కొఱకు నీరు ముంచుచున్న మునికుమారుడు. రామాయణములోని ఈ ఘట్టమును మనము కరుణరసము కొఱకు చదువుదుము, కన్నీరు పెట్టుకొందుము. అందులో ఒక తర్కము కూడ ఇమిడియున్నది. శబ్దము దశరథునకు “ఎక్కడ” అన్న ప్రశ్నకు సరియైన జవాబే చెప్పెను. “ఏమి” అన్న ప్రశ్నకు మాత్రము జవాబు చెప్పలేకపోయెను. ఆ రాత్రి ఆ చోట ఒక్క దివిటీ వెలుగు పడియున్నచో ఆ బాణము అమ్ములపొదిలోనే యుండెడిది.

శబ్దమునకు చోటు తెలియును, వస్తువు తెలియదు. వెలుగునకు వస్తువు తెలియును. కాని కలకలో పడినచో చోటు మఱచిపోవును. ఈ రెండింటిని ఒకచోట కలుపుటయే నేను చెప్పబోవు విద్యకు మూలము.

కలక యనగా ఏమి? ఇంటికి పోయి ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు. గాజుగ్లాసు నిండ తేటనీరు పోసి దాని వెనుక దీపముంచుడు. దీపపు ఆకారము చక్కగా కనబడును. ఆ నీటిలో పాలు ఒక్కొక్క చుక్కగా వేసి కలుపుచు రండు. మొదట ప్రక్కనుండి చూచువానికి నీరు ఇంచుక నీలిగా తోచును. ఎదుటనుండి చూచువానికి దీపము ఇంచుక ఎఱ్ఱబారినట్లు తోచును. ఆకాశపు నీలిమకును, అస్తమయ సూర్యుని అరుణిమకును ఇదియే పోలిక. మఱికొన్ని చుక్కలు వేసినంతనే దీపపు ఆకారము మాయమగును. కాని గమనింపుడు: గ్లాసు చీకటి కాలేదు. అంతయు తెల్లగా వెలుగుచునే యున్నది. దీపపు రూపు పోయినది గాని వెలుగు పోలేదు.

అదే గ్లాసులో పాలకు మాఱుగా సిరా పోసినచో ఏమగును? వెలుగే పోవును. సిరా వెలుగును మింగును. పాలు వెలుగును చెదరగొట్టును. పాలలో కంటికి కనరాని వెన్నబొట్లు లెక్కలేనన్ని తేలుచుండును. వెలుగు ఒక బొట్టునకు తగిలి ప్రక్కకు మరలును, మఱొక బొట్టునకు తగిలి ఇంకొక ప్రక్కకు మరలును. దీనినే శాస్త్రగ్రంథములు పరిక్షేపణము అనుచున్నవి. మింగబడుట వేఱు, చెదరుట వేఱు. మింగబడినది తిరిగి రాదు. చెదరినది తిరిగి వచ్చును గాని, తాను నడచిన దారి చెప్పలేదు.

మన దేహమును ఇట్టి కలకయే. రాత్రివేళ టార్చిలైటును అరచేతికి ఆనించి వెలిగించినచో చేయి ఎఱ్ఱగా వెలుగును. వెలుగు చేతిగుండ వచ్చుచున్నదనుట స్పష్టము. అయినను లోపలి ఎముకలు చక్కగా కనబడవు. ఏలయన, మాంసములో వెలుగు మిల్లీమీటరులో పదవ వంతు దూరము పోవునంతలో ఒక మలుపు తిరుగును. ఒక మిల్లీమీటరు దూరము గడచునప్పటికి తాను మొదట ఏ దిక్కునకు బయలుదేరెనో దాదాపుగా మఱచిపోవును. నాలుగైదు సెంటీమీటర్ల మందము దాటుటకు వందల మలుపులు తిరుగవలసియుండును. కలక నీటిని చిల్లగింజ అరగదీసి తేర్చుట మన పెద్దలకు తెలిసిన విద్యయే. కాని బ్రతికియున్న మనుష్యుని దేహమును తేర్చుటకు చిల్లగింజ లేదు. కలకను కలకగానే యుంచి, దానిలో చూడవలెను.

ఇక ధ్వని సంగతి. సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వని మన చెవికి వినబడదు. దానిని అతిధ్వని యందురు. మన ఆడపడుచులు గర్భిణులై యున్నప్పుడు ఆసుపత్రిలో తీయు “స్కానింగు” ఈ అతిధ్వనితో చేయునదే. 1958లో గ్లాస్గో నగరమునందు అయాన్ డోనాల్డ్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి ప్రకటించిన వ్యాసముతో ఈ పద్ధతి వైద్యలోకమున ప్రసిద్ధికెక్కినది. వైద్యులు వాడు అతిధ్వని సాధారణముగా సెకనుకు పది లక్షల కంపనములు మొదలుకొని కోటికి పైబడి కూడ ఉండును. మెత్తని దేహభాగములలో అది సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగముతో పోవును. వెలుగుతో పోల్చినచో అది మాంసములో చెదరుట బహు తక్కువ. కొన్ని వందల వంతులు తక్కువ యనవచ్చును. కావుననే దానిని కోరినచోట గుఱిపెట్టవచ్చును. అది పంపు ప్రతిధ్వనిచేత గట్టిదేదో మెత్తనిదేదో, ఎచ్చట హద్దు కలదో తెలియును. రక్తము పారుచున్నదనియు తెలియును. కాని ఆ రక్తము ఎఱ్ఱగా నున్నదో నల్లబడినదో, అనగా అందు ప్రాణవాయువు నిండుగా నున్నదో లేదో, ధ్వని చెప్పలేదు. దశరథుని కడవ చప్పుడువంటిదే యిదియును.

రంగు తెలుపునది వెలుగు. 2020, 2021 వత్సరములలో కరోనా వచ్చినప్పుడు వ్రేలికి తగిలించు ఆక్సీమీటరును మన ఊరిలో చూడనివారు లేరు. అది రెండు విధములైన వెలుగులను వ్రేలిగుండ పంపును. ఒకటి ఎఱుపు, మఱొకటి కంటికి కనబడని పరారుణము. ప్రాణవాయువు నిండిన రక్తము ఎఱుపును తక్కువగా మింగును. ప్రాణవాయువు వీడిన రక్తము ఎక్కువగా మింగును. ఆ తేడాను నాడి కొట్టుకొనుటతో జతపఱచి లెక్కకట్టు ఉపాయమును 1970వ దశకమున జపాను దేశీయుడైన టకువో అవొయాగి కనిపెట్టెను. ఎందఱో ప్రాణములను నిలిపిన ఉపాయమది. కాని ఆ యంత్రము చెప్పునది మొత్తపు సగటు. వ్రేలికి అది చాలును. రొమ్ములో లోతున నున్న ఒక గడ్డయందు, పసిబిడ్డ మెదడులోని ఒక మూలయందు, ఆ చోటనే రక్తమెట్లున్నదని అడిగినచో సగటు చాలదు. ఊరి మొత్తపు దిగుబడి చెప్పినంత మాత్రమున ఏ చేను ఎండినదో తెలియునా? సర్వేనంబరు వారీగా అడంగలు కావలెను.

మన పూర్వులు ధ్వనిని వెలుగును వేఱువేఱు గదులలో నుంచిరి. మన ఆంధ్రుడే యైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము చదివినవారికి ఇది తెలియును: శబ్దము ఆకాశమునకు గుణము, రూపము కంటిచేత గ్రహింపబడు గుణము. ఒకదానితో ఒకటికి పనిలేదు. నేటి శాస్త్రము ధ్వనిని ఆకాశగుణముగా గాక, గాలియో నీరో మాంసమో ఏది వాహకమైన దాని కంపనముగా ఎంచుచున్నది. ధ్వని నడచునప్పుడు ఆ పదార్థము ఒకచోట దట్టమగును, ఒకచోట పలుచనగును. అదే పదార్థముగుండ వెలుగును నడచుచుండగా దానికి ఈ కదలిక తగులకుండ ఎట్లుండును? వెలుగునకును ధ్వనికిని చుట్టఱికము ఇచ్చట కలిసినది.

ఈ చుట్టఱికమును తేల్చిన చరిత్రలో మన దేశీయుల పాత్ర గొప్పది. ఫ్రాన్సు దేశపు బ్రిలువాన్ 1922లో, ధ్వని నడచు ద్రవము వెలుగును పాయలుగా చీల్చగలదని లెక్కకట్టి చెప్పెను. 1932లో అమెరికాలో డిబై, సియర్స్ అనువారును, ఫ్రాన్సులో లూకా, బికార్ అనువారును దానిని కన్నులార చూచిరి. అయితే చూచినది చూచినట్లు లెక్కకు సరిపోలేదు. ఒక్క పాయకు మాఱు ఎన్నో పాయలు కనబడినవి. ఆ చిక్కును విప్పినవారు బెంగుళూరునందు సర్ సి. వి. రామన్, ఆయన శిష్యుడు నాగేంద్రనాథ్. 1935, 1936 వత్సరములలో వారు వరుసగా ప్రకటించిన వ్యాసములే నేటికిని రామన్–నాథ్ సిద్ధాంతమను పేర పాఠ్యగ్రంథములలో వెలయుచున్నవి. ధ్వనిచేత చీలిన వెలుగు పాయలలో ప్రతిదాని కంపనసంఖ్యయు ధ్వని కంపనసంఖ్య మేరకు హెచ్చుటయో తగ్గుటయో జరుగునని తేలినది. ఇదియే నేను చెప్పిన “ముద్ర”.

రామన్‌గారిని గూర్చి నావంటి వానికి ప్రియమైన సంగతి యొకటి కలదు. ఆయన 1907లో కలకత్తాలో ప్రభుత్వపు లెక్కల శాఖయందు ఉద్యోగమున ప్రవేశించి, పదియేండ్లు అందే పనిచేసెను. పగలు కచేరీలో పద్దులు చూచి, కచేరీ వేళకు ముందును వెనుకను శాస్త్రపరిశోధన చేసెను. 1917లో ఆ కొలువు విడిచి ఆచార్యపదవి చేపట్టెను. 1921లో ఓడప్రయాణమున మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, అది ఆకాశపు నీడ మాత్రమే కాదనియు, నీటి అణువులే వెలుగును చెదరగొట్టుచున్నవనియు గ్రహించెను. ఆ విచారణయే పెరిగి 1928లో రామన్ ఫలితమై, 1930లో నోబెల్ బహుమానమును తెచ్చినది. లెక్కలు వ్రాయువాడు సముద్రమును చూచి ఊరకుండడనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మన తెలుగువారి వంతును చిన్నది కాదు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతంగారు 1928లో కలకత్తా చేరి రామన్‌గారి యొద్ద పనిచేసిరి. తరువాత వాల్తేరునందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులైరి. అచ్చట బి. రామచంద్రరావుగారితో కలిసి, మిక్కిలి ఎక్కువ కంపనసంఖ్య గల అతిధ్వనులు వెలుగును చీల్చుటను గూర్చి చేసిన పరిశోధన 1948లో ఇంగ్లండునందలి ‘నేచర్’ పత్రికలో వెలువడినది. వాల్తేరు కొండల నడుమ జరిగిన ఆ పని నేటి మన విషయమునకు పునాదులలో నొకటి.

ఆ పనులన్నియు తేట ద్రవములలో, స్ఫటికములలో జరిగినవి. కలకలో అదే పని చేయుటకు మఱి అర్ధశతాబ్దము పట్టినది. అందులకు ముందు లేసరు రావలెను. అది 1960లో వచ్చినది. లేసరు వెలుగులోని అలలన్నియు కవాతు చేయు సిపాయిలవలె అడుగు కలిపి నడచును. 1993లో మార్క్స్ మొదలగువారు అతిధ్వనిచేత గుర్తువేసిన వెలుగుతో రొమ్ముగడ్డలను కనిపెట్టవచ్చునను ఆలోచన వెలువరించిరి. 1995లో అమెరికాలోని టెక్సాసునందు లిహాంగ్ వాంగ్, జాక్స్, జావో అనువారు కలక పదార్థములో దాచిన వస్తువును ఈ ఉపాయముచేత చిత్రించి చూపిరి. అదే యేడు ఐరోపాలో లాయిట్జ్, మారె అనువారును పలుమాఱులు చెదరిన వెలుగుపై ధ్వని ముద్రను కొలిచి చూపిరి.

ముద్ర పడుట యెట్లు? మూడు విధముల పడునని చెప్పుదురు. మొదటిది: ధ్వని నడచుచోట వెలుగును చెదరగొట్టు కణములన్నియు ఊయలవలె ముందునకు వెనుకకు ఊగును. ఒక కణమునుండి మఱొక కణమునకు దూరము మాఱును. కావున వెలుగు నడచు దారి రవంత పొడవై రవంత పొట్టియగుచుండును. రెండవది: పదార్థము దట్టమైనప్పుడు అందు వెలుగు వేగము తగ్గును, పలుచనైనప్పుడు హెచ్చును. మూడవది: దట్టమైనచోట కణములును రంగును కొంచెము చిక్కనగుటచేత వెలుగు మొత్తమే స్వల్పముగా హెచ్చుతగ్గులగును. మొదటి రెండింటికి అడుగు కలిపి నడచు లేసరు వెలుగు అవసరము. మూడవదానికి అక్కఱలేదు గాని అది మిక్కిలి బలహీనము.

ఆ ఊగు ఎంతటిదో నేను కాగితముపై లెక్కకట్టి చూచితిని. సెకనుకు పది లక్షల కంపనములు గల ధ్వని, మన వాయుమండలపు ఒత్తిడియంత ఒత్తిడి హెచ్చుతగ్గులతో మాంసములో నడచుననుకొందము. అప్పుడు కణము ఊగు దూరము మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు. వెలుగు అల నిడివిలో అది ఎనుబదవ వంతు మాత్రమే. వెండ్రుక మందములో కొన్ని వేలవ వంతు. ఇంత చిన్న ఊగు దేనికి పనికివచ్చునని మీరు అడుగవచ్చును. వెలుగు ఆ ధ్వని చోటులో ఒక్క మలుపు కాదు, ఎన్నో మలుపులు తిరుగును. ప్రతి మలుపునను రవంత చొప్పున కూడినచో మొత్తము కొలువదగినంత అగును. కలక యనునది ఇచ్చట మనకు శత్రువే గాక కొంత మిత్రమును అయినది.

ముద్ర చదువుట మఱింత కష్టము. పరారుణమునకు దాపైన వెలుగు సెకనుకు సుమారు 3 కోట్ల 75 లక్షల కోట్ల మాఱులు కంపించును. దానిపై పది లక్షల ధ్వని వేయు ముద్ర పది లక్షల కంపనముల తేడా మాత్రమే. అనగా 37 కోట్ల 50 లక్షలలో ఒకటి. ముప్పదియేడున్నర కోట్ల రూపాయల పద్దులో ఒక్క రూపాయి తేడాను పట్టుట యెట్టిదో లెక్కలు వ్రాయువారికి చెప్పనక్కఱలేదు. అంతేకాదు, ముద్రపడిన వెలుగు మొత్తపు వెలుగులో చాల స్వల్పభాగము.

మఱొక చిక్కు కలదు. లేసరు వెలుగు కలక దాటి తెరపై పడినప్పుడు నున్నగా పడదు. చిన్న చిన్న వెలుగు నీడల మచ్చలుగా, గరుకు నేలపై వెన్నెల చిందినట్లు పడును. వేలకొలది దారుల వచ్చిన అలలు ఒకచోట కలిసి హెచ్చును, ఒకచోట ఒకదానినొకటి కొట్టివేయును. ధ్వని తగిలినప్పుడు ప్రతి మచ్చయు మినుకుమినుకుమనును. కాని అన్నియు ఒక్కసారి మినుకవు. ఒకటి వెలిగినప్పుడు మఱొకటి ఆఱును. అన్నిటిని కలిపి కూడినచో హెచ్చుతగ్గులు చెల్లుబడియై నికరము దాదాపు సున్న వచ్చును. అందుచేత 1999లో పారిసు నగరమునందు బొకారా మొదలగువారు, మచ్చలన్నిటిని ఒక్క గంపలో పోయక, కెమెరాలోని చిన్న గడులలో దేని చిట్టా దానికి వేఱుగా వ్రాసి, తరువాత కూడు పద్ధతిని ప్రకటించిరి. ముందు ఏ పద్దునకు ఆ పద్దు నిర్ణయించి తరువాత మొత్తము వేయుట! ఇది మన పాతకాలపు ఆవర్జా న్యాయమే.

ఈ అంతయు ఏల చేయవలెనో ఒక పోలికతో చెప్పెదను. పెద్ద తిరునాళ్ళ జరుగుచున్నదనుకొనుడు. వేలమంది ఒక ద్వారమున ప్రవేశించి, ఇష్టము వచ్చినట్లు తిరిగి, మఱొక ద్వారమున వెలువడుదురు. ఎవరు ఏ గుడికి పోయిరో బయటనున్నవానికి తెలియదు. ఇప్పుడు ఒక గుడియొద్ద మాత్రము వచ్చినవారికి నుదుట కుంకుమ పెట్టిరనుకొనుడు. బయట నిలిచి కుంకుమ గలవారిని మాత్రము లెక్కించినచో ఆ గుడిమీదుగా ఎందఱు వచ్చిరో తెలియును. మఱునాడు ఇంకొక గుడియొద్ద కుంకుమ పెట్టించినచో ఆ గుడి లెక్క తెలియును. ఏదైన ఒక గుడియొద్ద వచ్చినవారు వచ్చినట్లు నిలిచిపోవుచున్నచో, అచ్చటి కుంకుమ గలవారి లెక్క తగ్గును. అతిధ్వనిని దేహములో ఒక్కొక్క బిందువున గుఱిపెట్టి, ప్రతిసారియు ముద్రపడిన వెలుగునెంచి పట్టిక వ్రాయుట ఇట్టిదే. రక్తము దట్టమై వెలుగును మింగుచోట లెక్క తగ్గును. రెండు రంగుల వెలుగులతో ఎంచినచో ఆ చోటి రక్తమున ప్రాణవాయువు ఎంతయో అంచనా కట్టవచ్చును. కొన్ని దుర్మాంసపు గడ్డలు తమచుట్టు క్రొత్త రక్తనాళములను పెంచుకొని ప్రాణవాయువును ఎక్కువగా వాడుకొనును. అట్టి మార్పు గడ్డ ఆకారముకంటె వేఱైన సాక్ష్యము. ఇచ్చట “ఎక్కడ” అని చెప్పునది ధ్వని, “ఏమి” అని చెప్పునది వెలుగు.

2011లో ఇంకొక వింత జరిగినది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున వాంగుగారును ఆయన సహచరులును, ముద్రపడి బయటకు వచ్చిన వెలుగును మాత్రము ఒక ప్రత్యేకమైన స్ఫటికమున పట్టి, అది వచ్చిన దారినే వెనుకకు మరలించిరి. సాధారణపు అద్దము వెలుగును వేఱొక దిక్కునకు మరలించును. ఇది వచ్చిన అల వంపులన్నిటిని తిరుగవేసి వెనుకకు పంపును. అట్లు మరలిన వెలుగు అన్ని మలుపులను వెనుకకు తిరిగి, ధ్వని గుఱిపెట్టిన చోటనే మరల ప్రోగైనది. కలక నడుమ దీపము వెలిగించినట్లయినది. త్రోవ మఱచినదనుకొన్న వెలుగు నిజముగా త్రోవ మఱవలేదు. ఆ త్రోవ దాని అలల వంపులలో వ్రాయబడియే యున్నది. చదువగలవాడు కావలెను.

ఇక నేటి స్థితి. పొగడ్త చాలించి నిజము చెప్పుట వక్త ధర్మము. బ్రతికియున్న దేహములో రక్తము నిరంతరము కదలుచుండుటచేత నేను చెప్పిన మచ్చల తీరు సెకనులో వేయవవంతునకే మాఱిపోవును. అంతలోపల కొలుచుట, మరల్చుట ముగియవలెను. ముద్రపడిన వెలుగు అల్పము. చిత్రపు నిశితము ధ్వని గుఱియంత, అనగా మిల్లీమీటరు దరిదాపు. ఈ సూత్రముపై మెదడులోని రక్తప్రసరణమును గమనించు పరికరములు కొన్ని విదేశములలో తయారైనవి. కాని గడ్డలను పరీక్షించుటకు ఇది మన సామాన్య వైద్యశాలలకు వచ్చిన యంత్రము కాదు. పని ఇంకను పరిశోధనాలయములలోనే సాగుచున్నది. “మా యొద్ద లేసరు కలదు, సూది లేకుండ, కోత లేకుండ గడ్డ రహస్యము చెప్పెదము” అని ఎవరైన ఊరికి వచ్చి డబ్బడిగినచో నమ్మకుడు. ఆ మాటను గూర్చి పెద్దాసుపత్రి వైద్యుని ముందుగా అడుగుడు.

సోదరీమణులకు ప్రత్యేకముగా ఒక మాట విన్నవింతును. వయసున మీ అన్నవంటివాడను, తప్పుగా భావింపకుడు. క్రొత్త విద్య వచ్చుదాక ఉన్న విద్యను వాడుకొనక కూర్చుండుట తెలివి కాదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలినచో సిగ్గుచేతనో, భయముచేతనో, “నొప్పి లేదు గదా” యనియో దాచుకొనుట ప్రాణములమీదికి తెచ్చుకొనుట. నొప్పి లేనిది నిరపాయమని నియమము లేదు. అట్లే గడ్డలన్నియు క్యాన్సరు కావు, పెక్కులు నిరపాయమైనవే. ఏది యేదో తేల్చునది పరీక్ష. స్కానింగు కలదు, ఎక్స్‌రేతో తీయు మామోగ్రామ్ కలదు, సూదితో కొంచెము మాంసపు తునకను తీసి చూచు పరీక్ష కలదు. త్వరగా తెలిసినచో కుదుర్చుట సులభమనుట వైద్యులందఱు ఒప్పుకొను మాట. మగవారు కూడ వినవలెను: ఇంటిలో ఆడవారు ఈ మాట చెప్పినప్పుడు కోతలయిన తరువాత చూతమని వాయిదా వేయకుడు. చేనికి తెగులు తగిలిన రోజుననే మందుకొఱకు పరుగెత్తు మనము ఇల్లాలి విషయమున మాత్రము సంక్రాంతి వఱకు ఆగుట ఏ ధర్మశాస్త్రమున కలదు?

ఈ విషయము నాకు నేర్పినదొకటి కలదు. దానిని మీతో పంచుకొని ముగింతును. కలకను చూచి “లోపల ఏమియు తెలియదు” అని విడుచుట సోమరి మాట. “అంతయు తెలియును” అనుట దొంగ మాట. తెలిసిన ఒక్క చోట ఒక్క గుర్తు వేసి, ఆ గుర్తును ఓపికతో వెదకి, దొరికినంతవఱకు మాత్రమే నిజమని వ్రాయుట శాస్త్రపు మాట. ముప్పదియేడున్నర కోట్లలో ఒక్క రూపాయిని వదలని ఆ నిష్ఠ మన పంచాయతీ పద్దులకును, సంఘపు పద్దులకును, ఇంటి పద్దులకును కూడ వచ్చినచో ఎంత బాగుండును!

కార్యవర్గమువారికి రెండు కోరికలు. పాఠశాల పిల్లలకు పాలగ్లాసు, దీపము పరీక్షను ఒక ఆదివారము గ్రంథాలయపు అరుగుమీద చేసి చూపుటకు అనుమతి యీయవలెను. వలసిన పాలు నేను తెచ్చెదను. భౌతికశాస్త్రమును, వైద్యమును తెలుగున తెలుపు గ్రంథములకు బీరువాలో ఒక అర ప్రత్యేకింపవలెను. చందాదారులు ఆ అర దుమ్ముపట్టకుండ చూడవలెను.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక!

స్వస్తి.